తాటిపాక మంట, బెజవాడ ఆటో

ఆటోనగర్‌లో నా షాపుకి వచ్చే డ్రైవర్లందరికీ నేను బెజవాడ వాడినే. సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగి, ఇక్కడే ఆటోలకి సీఎన్‌జీ కిట్లు బిగిస్తూ బతుకుతున్నవాణ్ణి ఇంకేమనుకుంటారు? కానీ నా సెలవులన్నీ కోనసీమవి. అమ్మమ్మ వాళ్ళ ఊరు తాటిపాక దాటాక, మామిడికుదురు వైపు. ఈ ఊళ్ళో ఆటోలు గ్యాసు మీద తిరగడం మొదలైన రోజుల్లో ఆ గ్యాసు వచ్చింది అక్కడి నేల కిందనుంచే. ఈ సంగతి నా కస్టమర్లలో ఒకరిద్దరికి తప్ప తెలీదు. తెలియకపోతే వాళ్ళకి పోయేదేమీ లేదనుకోండి, కిలో ఎంతన్నదే వాళ్ళ బాధ.

నాన్నకి రైల్వే పాసు ఉండేది. పరీక్షలు అయిన మర్నాడే నరసాపురం ప్యాసింజరు ఎక్కేసేవాళ్ళం. గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం, పాలకొల్లు. ప్రతి స్టేషన్లోనూ ఆగేది, ఆగిన చోటల్లా ఏదో ఒక క్రాసింగు. నరసాపురంలో దిగి రిక్షాలో మాధవాయిపాలెం రేవుకి, అక్కడ పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి మలికిపురం, రాజోలు మీదుగా బస్సు. రాజోలు దాటేసరికి చీకటి పడిపోయేది. చీకటి పడాలనే నేనూ అక్కా కోరుకునేవాళ్ళం. కొబ్బరిచెట్ల తలల మీదుగా తాటిపాక మంట అప్పుడే బాగా కనిపించేది. బావుల నుంచి వచ్చిన గ్యాసులో వాడుకోలేనిదాన్ని ఎత్తయిన గొట్టం చివర తగలబెట్టేస్తారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్లో మాకు మాత్రం అది ఊరు దగ్గరపడిందన్న గుర్తు. ముందు ఎవరు చూస్తే వాళ్ళకి అమ్మమ్మ చేతి మొదటి సున్నుండ.

తాతయ్యకి ఆ మంట అంటే పడేది కాదు. దాని చుట్టుపక్కల తోటల్లో కాపు తగ్గిందని అనేవాడు. "రాత్రీ పగలూ వెలుగే అయితే చెట్టు ఎప్పుడు నిద్రపోతుందిరా?" అని మమ్మల్నే అడిగేవాడు, మేమేదో ఇంజనీర్లమైనట్టు.

అక్కడ డ్రిల్లింగ్ నేను పుట్టకముందే మొదలైంది. 1970ల చివర్లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ బావులు తవ్వింది. 80ల్లో రాజోలు, తాటిపాక, పాశర్లపూడి చుట్టూ రిగ్గులు లేచాయి. నాకు బాగా గుర్తున్నది సర్వే వాళ్ళు. చేలల్లో వరసగా సన్నటి బోర్లు వేసి, అడుగున మందు పెట్టి పేల్చేవాళ్ళు. ఆ అదురు నేల లోపలి పొరలకి తగిలి వెనక్కి వచ్చే తీరుని బట్టి కింద ఏముందో లెక్క కడతారట. మాకు ఆ లెక్కలతో పనేముంది? పేలినప్పుడు బోరులోంచి బురదనీళ్ళు చిమ్మడం చూడటానికి గట్టు మీద బారులు తీరి కూర్చునేవాళ్ళం. వాళ్ళు వెళ్ళిపోయాక చేలో ఎరుపు, పసుపు తీగ ముక్కలు దొరికేవి. అక్క వాటితో గాజులు అల్లి ఊళ్ళో ఆడపిల్లలందరికీ పంచింది. అమ్మమ్మ చూసి, "పేలుడు మందు తీగలు చేతికి తొడుక్కుంటారటే!" అని కేకలేసి అన్నీ పొయ్యిలో పడెయ్యబోయి, మళ్ళీ ఏం అనుమానం వచ్చిందో, తీసుకెళ్ళి కాలవలో విసిరేసింది. పేల్చినప్పుడల్లా గోడలు బీటలిస్తున్నాయని ఊరి పెద్దలు వెళ్ళి గొడవ పడేవాళ్ళు. మిద్దె ఇల్లున్న వాడి బీటకి ఏదో ఒక కాగితం రాసుకునేవారు. తాటాకింట్లో మట్టిగోడ బీటలిస్తే అది వానకి అయిందనేవారు.

అలాగని ఊరంతా కంపెనీ మీద కోపంగా ఉందనుకోకండి. మావయ్య ఒక జీపు కొని సైటుకి నెల అద్దెకి తిప్పాడు. ఆ డబ్బుతోనే పెంకుటింటిని డాబా చేశాడు. తాటిపాక సెంటర్లో లాడ్జీలు, కొత్త హోటళ్ళు వచ్చాయి. ఉత్తరాది వాళ్ళకి చపాతీలు చేసిపెట్టి బాగుపడ్డ ఒక పెద్దావిడ మాకు తెలుసు. సైటుకి భూమిచ్చిన రైతుకి ఏడాదికింత కౌలు వచ్చేది, వరి మీద వచ్చేదానికంటే నయంగానే. తాతయ్యకి కోపం ఉండేది కానీ మావయ్యకి ఉండేది కాదు. రాత్రి భోజనాల దగ్గర వీళ్ళిద్దరి వాదన మాకు రోజూ వినోదం. మావయ్య ఆఖరి మాట ఎప్పుడూ ఒకటే: "నువ్వొద్దంటే ఆగుతుందా నాన్నా?"

1995 జనవరి 8, ఆదివారం. నేను పదో తరగతి. దేవర్లంక దగ్గర పాశర్లపూడి 19వ నంబరు బావి తవ్వుతుండగా లోపలి ఒత్తిడి అదుపు తప్పింది. గ్యాసు ఎగదన్ని అంటుకుంది. మర్నాడు మా పక్క క్వార్టర్స్ వాళ్ళ ఫోనుకి మావయ్య ఎస్టీడీ చేశాడు. లైను సరిగ్గా లేదు. మేం బాగానే ఉన్నాం అన్నది మాత్రం రెండుసార్లు వినపడింది. అమ్మ ఆ మాట నమ్మలేదు. నాన్న నా పబ్లిక్ పరీక్షల సంగతి ఎత్తబోతే, "సంక్రాంతికి వెళ్ళడం మామూలేగా" అనేసి సంచి సర్దేసింది.

ఈసారి మంట కోసం రాజోలు దాకా ఆగక్కర్లేకపోయింది. గోదావరి మీద పంటులో ఉండగానే తూర్పున ఆకాశం ఎర్రగా కనిపించింది. పంటు మీద జనం మాట్లాడుకోవడం మానేశారు. ఊరు చేరేసరికి రాత్రి. వీధిలో దీపం అక్కర్లేదు, గోడ మీద కొబ్బరాకుల నీడలు కదులుతున్నాయి. ఇక ఆ చప్పుడు. కృష్ణ బ్రిడ్జి మీద గూడ్సు బండి వెళ్ళేటప్పుడు కింద నిలబడితే ఎలా ఉంటుందో అలా, కానీ ఆ బండికి ఆఖరి పెట్టె లేదు. పడుకుంటే మంచం కోళ్ళలోంచి వినపడేది. అమ్మమ్మ వాళ్ళ ఊరు బావికి కొంచెం దూరమే కాబట్టి ఖాళీ చెయ్యమనలేదు. మంటకి దగ్గరున్న ఊళ్ళని ఖాళీ చేయించారు. అలా వచ్చిన చుట్టాలు మా ఇంట్లోనే మూడు కుటుంబాలు. పండగ బట్టలు తెచ్చుకోలేదు, గేదెల్ని మాత్రం తోలుకొచ్చారు.

కోళ్ళు వేళా పాళా లేకుండా కూసేవి. పురుగులు మబ్బులు కమ్మినట్టు వచ్చి వాలేవి, అన్నం గిన్నె మీద మూత తీస్తే చాలు. మామూలుగా జనవరిలో కోనసీమ మంచు తెల్లగా, పక్క చెట్టు కనపడకుండా ఉంటుంది. ఆ ఏడు మంచు నారింజ రంగులో ఉండేది. చూడ్డానికి అందంగా ఉందని నేనంటే తాతయ్య నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. భోగి నాడు ఊళ్ళో మంట వెయ్యలేదు. ఎవరూ వద్దని చాటింపు వెయ్యలేదు, ఎవరికీ చేతులు రాలేదు, అంతే. ముగ్గులు మాత్రం పెట్టారు. అర్ధరాత్రి లాంతరు లేకుండా చుక్కలు లెక్కపెట్టుకుంటూ ముగ్గులు వేసిన ఆడవాళ్ళని నేను ఆ ఒక్క ఏడే చూశాను.

ఇంకోపక్క ఎక్కడెక్కడి నుంచో జనం వ్యాన్లు కట్టించుకుని చూడ్డానికి వస్తున్నారు. పోలీసులు ఆపిన చోట జీళ్ళు, ఖర్జూరం, ఆఖరికి బుడగలు అమ్మేవాళ్ళు కూడా చేరిపోయారు. మావయ్య జీపుకి ఆ రెండు నెలలూ క్షణం తీరిక లేదు. విదేశాల నుంచి నిపుణులొచ్చారు, యంత్రాలొచ్చాయి. 65 రోజులు మండింది. మార్చి మధ్యలో, నేను పరీక్షలకి చదువుకుంటుండగా ఆరిందని తెలిసింది. ఆ రాత్రి ఊళ్ళో ఎవరికీ నిద్రపట్టలేదని అమ్మమ్మ ఉత్తరం రాసింది. చప్పుడు లేకపోవడమే కొత్తగా ఉందట.

వేసవికి వెళ్తే బావి వైపు తోటలు మొండి మానులు. అధికారులు చెట్లు లెక్కపెట్టుకున్నారు, పరిహారం వచ్చింది, కొందరికి త్వరగా, కొందరికి తిరిగి తిరిగి చెప్పులరిగాక. మా చుట్టాలకీ వచ్చింది. నా మనసులో ఉండిపోయింది వాళ్ళు కాదు, వాళ్ళ తోటలో దింపు తీసే ఆయన. నలభై అయిదు రోజులకో రెండు నెలలకో వచ్చి, కాళ్ళకి బందం వేసుకుని వరసగా చెట్లెక్కి కాయ దింపేవాడు. దింపాక ఒలుపు వాళ్ళు, పీచు మోసే ఆడవాళ్ళు, బండి వాడు. చెట్టు కాలితే వీళ్ళందరి పనీ కాలిపోయింది. కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికి చెట్టుకింత అని లెక్క ఉంది. ఆ చెట్టెక్కేవాడికి ఏ లెక్కా లేదు. ఆయన తర్వాత రాజమండ్రి వెళ్ళి సిమెంటు పనిలో చేరాడని విన్నాం. పరిహారం అన్న మాట ఎప్పుడు చదివినా నాకు ముందు ఆయన కాళ్ళ బందమే గుర్తొస్తుంది. ఎవరి పేరు కాగితం మీద ఉంటే నష్టం వాళ్ళదే అయిపోతుంది.

తర్వాత నేను ఐటీఐ, నాన్న రిటైర్మెంటు, ఆటోనగర్‌లో మొదట ఒక లేత్ షాపులో పని, ఆ తర్వాత సొంత షాపు. ఈలోగా అక్కడ 2001లో తాటిపాకలో చిన్న రిఫైనరీ వచ్చింది, ఏడాదికి 66 వేల టన్నులది. విశాఖ రిఫైనరీ పక్కన పెడితే బొమ్మంత, కానీ మావయ్య దాని గురించి చెప్పేటప్పుడు తనే కట్టించినట్టు చెప్పేవాడు. కొండపల్లిలో గ్యాసుతో కరెంటు తీసే కేంద్రం వచ్చింది. తాటిపాక నుంచి దానికి పైపులైను. మేం రోజంతా చేసే ప్రయాణాన్ని గ్యాసు నేల కింద నుంచి, పంటు ఎక్కకుండా, క్రాసింగులు లేకుండా చేసేస్తోందన్నమాట. మేం నవ్వుకునేవాళ్ళం.

2009 ఏప్రిల్‌లో కాకినాడకి అవతల లోతు సముద్రంలో రిలయన్స్ డీ6 క్షేత్రం నుంచి గ్యాసు మొదలైనప్పుడు బెజవాడలో ఇక కరెంటు కష్టాలుండవన్నారు. ఆ గ్యాసు కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పైపులో వెళ్ళింది. మన వాటా ఎంతని అసెంబ్లీలో అరుపులు, టీ కొట్ల దగ్గర అంతకంటే పెద్ద అరుపులు. రెండేళ్ళకే ఆ ఉత్పత్తి పడిపోవడం మొదలైంది. గ్యాసుని నమ్ముకుని కట్టిన కరెంటు కేంద్రాలు, కొండపల్లిలో కొత్తగా కట్టినదానితో సహా, ఖాళీగా నిలబడ్డాయి. 2012లో పరిశ్రమలకి పవర్ హాలిడేలు. ఆటోనగర్‌లో జనరేటర్ ఉన్నవాడే మొనగాడు. కాళ్ళ కింద గ్యాసు పెట్టుకుని చీకట్లో కూర్చున్నామని మావయ్యకి ఫోన్ చేసి దెప్పితే, "మాకూ కరెంటు లేదురా, మంట వెలుగులో కూర్చున్నాం" అన్నాడు. సగం జోకే.

2014 జూన్ 27. రాష్ట్రం విడిపోయి నెల కూడా కాలేదు. బెజవాడలో ఎవరిని కదిపినా రాజధాని ఎక్కడ, సెంటు ఎంత అన్నదే. తెల్లవారుజామున బావ, అంటే మావయ్య కొడుకు, ఫోన్ చేశాడు. తాటిపాక దగ్గరి నగరం అనే ఊళ్ళో పైపులైను పేలింది. తాటిపాక నుంచి కొండపల్లికి గ్యాసు తెచ్చే 18 అంగుళాల పైపు అది. ముందు నుంచే వాసన వస్తోందని ఊళ్ళోవాళ్ళు చెబుతూనే ఉన్నారు. రాత్రంతా కారిన గ్యాసు తెల్లవారుజామున నేలబారుగా పరుచుకుని ఉంది. ఏదో పొయ్యి వెలిగేసరికి వీధికి వీధి అంటుకుంది. టీ కొట్టు పొయ్యి అన్నారు. నిద్రలోనే కొందరు, పరుగెత్తుతూ కొందరు, ఆసుపత్రుల్లో తర్వాత కొందరు. మొత్తం ఇరవై మందికి పైగా పోయారు.

అందులో మావయ్య వాళ్ళకి బాగా కావలసిన కుటుంబం ఉంది. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఆ సాయంత్రానికి నేను వెళ్ళాను. కాలిన కొబ్బరిచెట్లు నేను 1995లో చూసినవే. ఈసారి వాటి కింద ఇళ్ళున్నాయి, అదే తేడా. ఒక ఇంటి ముందు సైకిలు టైర్లు లేకుండా నిలబడి ఉంది.

తర్వాత విచారణలో తేలింది ఏమిటంటే, ఆ పైపులో వెళ్ళాల్సింది తడి లేని గ్యాసు. గ్యాసులోంచి నీటిని తీసేసే యూనిట్ పెట్టలేదు. నీళ్ళూ, గ్యాసుతో వచ్చే ఇతర ద్రవాలూ పైపు అడుగున చేరి లోపల్నించి తినేశాయి. ఇది పేపర్లో చదివినప్పుడు నాకు చాలాసేపు ఒళ్ళు మండింది. మా షాపుకి వచ్చే ఆటో సిలిండర్ మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టుకి, అంటే నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్షకి వెళ్ళాలి. ఆ ప్లేటు మీద తేదీ దాటితే బంకులో గ్యాసు కొట్టరు. వెనక సీటు కింద ఉండే చిన్న సిలిండర్‌కి ఇంత పట్టింపు ఉంది. ఊరి మధ్యలోంచి పోయే పైపుకి?

బెజవాడ తిరిగొచ్చేసరికి గ్యాసు బంకుల దగ్గర ఆటోల బారులు. సరఫరా దెబ్బతింది. షాపు తెరవగానే ఒక డ్రైవరు వచ్చాడు, పదేళ్ళుగా తెలిసినవాడు. "అన్నా, మీ ఊరి వైపే కదా పేలింది, గ్యాసు ఎప్పటికొస్తుందంటావ్?" అనడిగాడు. నా కళ్ళు చూసి కాబోలు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అతని మీద నాకు కోపం రాలేదు. రోజువారీ ఫైనాన్సు కట్టేవాడు. గ్యాసు లేని రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. నా షాపు కూడా అప్పుడు మూతపడ్డట్టే. మా ఇద్దరి కూడూ ఆ పైపులోంచే వస్తోంది మరి.

మావయ్య ఆ తర్వాత మారిపోయాడు. జీపు ఎప్పుడో అమ్మేశాడు, దాని తర్వాత కొన్న బొలేరో కూడా అమ్మేశాడు. తోటలో కింద నుంచి పోయే ఇంకో పైపు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. చట్టం 1962 నాటిది. భూమి రైతు పేరు మీదే ఉంటుంది, పైపు వేసుకునే హక్కు మాత్రం వాళ్ళు తీసుకుంటారు. అందుకు భూమి విలువలో పది శాతం ఇస్తారు. ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి వేసుకునేవాడికి పెద్ద ఇబ్బంది ఉండదు, దున్నుకుంటాడు. కొబ్బరి రైతుకి చెట్టే పంట కదా! తోట మధ్యలో కొన్ని గజాల వెడల్పున గడ్డి మొలిచిన దారి, దానికిరువైపులా పసుపు రాళ్ళు. బావ ఆ ముక్క అమ్ముదామంటే కొనేవాడు ముందు ఆ రాళ్ళే చూస్తున్నాడు.

ఊళ్ళో ఇంకో మాట ఉంది, నేల కుంగుతోందని, నూతుల్లో నీళ్ళు ఉప్పగా మారాయని. అంతర్వేది వైపు సముద్రం లోపలికి వస్తోందన్నది కళ్ళకి కనపడుతున్న సంగతే. దీన్నంతా గ్యాసు తీయడం మీదే తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతే కింద డెల్టాకి కొత్త మట్టి రాదు. ఇక రొయ్యల చెరువులు. బావే రెండెకరాలు చెరువుకి కౌలుకిచ్చాడు. ఆ మాట నేనంటే, "వరి వేసి అప్పు చెయ్యమంటావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తాతయ్య ఉంటే ఏమనేవాడో తెలుసు, అది కూడా జవాబు కాదు.

సముద్రం వైపు వాళ్ళ కథ ఇంకోలా ఉంది. సూరసానియానం దగ్గర రవ్వ చమురు క్షేత్రం టెర్మినల్, ఓడలరేవులో ఓఎన్‌జీసీది. 2024 జనవరిలో అక్కడి లోతు సముద్రంలోంచి చమురు కూడా మొదలైంది. రాత్రి ఓడలరేవు ఒడ్డున నిలబడితే నీళ్ళ మీద దీపాల గుంపులు. సముద్రంలో చమురు, గ్యాసు తీసే ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల దాకా బోటు వెళ్ళకూడదు. చేపలు మాత్రం ఆ ఇనుప కాళ్ళ దగ్గరే చేరతాయని వేటకెళ్ళేవాళ్ళు నవ్వుతూ చెప్పారు. సముద్రంలో పైపులు వేసే రోజుల్లో వేట పోయిన కుటుంబాలకి నెలకింత అని పరిహారం ఇచ్చారు. వేటకెళ్ళే మగవాడి పేరు జాబితాలోకి ఎక్కుతుంది. రేవులో చేపలు వేలంలో పాడుకుని బుట్టలో పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మే ఆడమనిషి పేరు ఏ జాబితాలో రాస్తారని ఒకావిడ నన్నడిగింది. నన్ను ఆఫీసరనుకుంది, చొక్కా ఇన్ చేసుకున్నానని.

బావ కొడుకు ఐటీఐ ఫిట్టరు. అక్కడ సైట్లలో కాంట్రాక్టు పనికి తిరిగాడు. స్థానికులకి ఉద్యోగాలన్న మాట ప్రతి ఎన్నికలకీ వినపడుతుంది. దొరికేది సెక్యూరిటీ గార్డు పని, అదీ కాంట్రాక్టరు మారితే పోతుంది. పోయినేడాది బావ ఫోన్ చేసి, "వాణ్ణి నీ దగ్గర పెట్టుకుంటావా బావా, పని నేర్చుకుంటాడు" అన్నాడు. వచ్చాడు. చేతిలో పనితనం ఉంది, పైపు వంచితే గీత గీసినట్టుంటుంది. ఒక్కటే చిక్కు. కిట్ బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బునీళ్ళు పూసి బుడగ వస్తుందేమో చూస్తాం. ఎవరైనా ఒకసారి చూస్తారు. వీడు రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు చూస్తాడు, ముక్కు కూడా దగ్గర పెడతాడు. బయట డ్రైవర్లు గొణుగుతారు. మొన్న ఒకాయన, "ఏం బాబూ, కడుగుతున్నావా, టెస్టు చేస్తున్నావా? నాకు బేరం పోతోంది" అని అరిచాడు.

వాడు తల ఎత్తకుండా, "ఆయ్, అయిపోయిందండి, ఇంకొక్కసారి చూసేస్తానండి" అన్నాడు.

నేను డ్రైవరుకి టీ చెప్పించాను.